క్షిపణుల లెక్క ఎవరు అడుగుతారు? రక్షణ ప్రాజెక్టుల మీద పార్లమెంటు పర్యవేక్షణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇదంతా మీకెందుకు? మీరు లాయరా, జర్నలిస్టా?

రెండూ కాదు. హైదరాబాద్ బాలానగర్‌లో మాకు చిన్న మెషీన్ షాపు ఉంది. మా నాన్న ఒక్క లేత్‌తో మొదలుపెట్టారు, ఇప్పుడు రెండు సీఎన్‌సీలు, ఒక మిల్లింగ్ మెషీన్, ఎనిమిది మంది పనివాళ్లు ఉన్నారు. డ్రాయింగ్ ఇస్తారు, మెటీరియల్ ఇస్తారు, టాలరెన్స్ ఎంతో చెప్తారు, మేం చేసి ఇన్‌స్పెక్షన్‌కి పెడతాం. ఆ ముక్క చివరికి ఏ క్షిపణిలో కూర్చుంటుందో మాకు చెప్పరు, మేం అడగం, అది సరైన పద్ధతే. కానీ ఆర్డర్ ఎందుకు ఆగింది, బిల్లు ఎందుకు రాలేదు, ప్రాజెక్టు ఎందుకు నాలుగేళ్లు వెనక్కి పోయింది అని అడిగినా "సెక్యూరిటీ విషయం" అనే జవాబు రావడం మొదలయ్యాక, అసలు ఈ దేశంలో ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఎవరికి ఉందో వెతుక్కుంటూ పార్లమెంటు రిపోర్టులు చదవడం అలవాటైంది. ఇండస్ట్రియల్ ఏరియాలో తోటి వాళ్లు, కంచన్‌బాగ్‌లో రక్షణ ల్యాబుల క్వార్టర్స్‌లో ఉండే బంధువులు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్నలకు తెలిసినంతవరకు ఒకచోట రాస్తున్నాను.

పార్లమెంటుకి నిజంగా ఏ అధికారం ఉంది? అంతా ప్రధాని, రక్షణ మంత్రే కదా నిర్ణయించేది?

ఏ ఆయుధం కొనాలో నిర్ణయించేది ప్రభుత్వమే. రక్షణ మంత్రి నడిపే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ అవసరాన్ని ఒప్పుకుంటుంది, పెద్ద కాంట్రాక్టులైతే ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ దాకా వెళ్తాయి. ఇందులో ఎంపీల ఓటు ఉండదు. కానీ డబ్బు మాత్రం పార్లమెంటు ఇవ్వాల్సిందే. రాజ్యాంగం 113వ అధికరణ ప్రకారం ప్రతి శాఖ ఖర్చూ డిమాండ్ రూపంలో లోక్‌సభ ముందుకు రావాలి. రక్షణ శాఖకు ఇవి నాలుగు: సివిల్ ఖర్చులు, సైన్యం రోజువారీ ఖర్చు, కొత్త ఆయుధాలు కొనే క్యాపిటల్ ఖర్చు, పెన్షన్లు.

2025-26 బడ్జెట్‌లో రక్షణకు ఇచ్చింది 6.81 లక్షల కోట్లు. దేశం మొత్తం బడ్జెట్‌లో సుమారు 13 శాతం. అందులో క్యాపిటల్ 1.80 లక్షల కోట్లు, పెన్షన్లే 1.60 లక్షల కోట్లు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకి 26,816 కోట్లు.

ఇంత డబ్బు గురించి సభలో ఎంతసేపు మాట్లాడతారంటే, చాలా సంవత్సరాల్లో అసలు మాట్లాడరు. టైమ్ అయిపోయిందని చర్చకు రాని డిమాండ్లన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు, దాన్ని గిలెటిన్ అంటారు. రక్షణ డిమాండ్లు కూడా అలా ఎన్నోసార్లు చర్చ లేకుండానే పాసయ్యాయి. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. మా షాపులో ఐదు వేల టూల్ కొనాలన్నా నేనూ మా తమ్ముడూ కూర్చుని అరగంట మాట్లాడుకుంటాం.

మరి లోతుగా చూసేది ఎవరు?

రక్షణ శాఖ స్టాండింగ్ కమిటీ. శాఖల వారీగా ఈ కమిటీలు 1993లో మొదలయ్యాయి, ఇప్పుడు మొత్తం 24. ఒక్కో దాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు ఉండకూడదు. అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు. సమావేశాలు మూసిన తలుపుల వెనక జరుగుతాయి, కెమెరాలు ఉండవు, అందుకే అక్కడ పార్టీ గొడవ తగ్గి పని ప్రశ్నలు ఎక్కువ వస్తాయని నా అభిప్రాయం. రక్షణ కార్యదర్శి, డీఆర్‌డీవో పెద్దలు, త్రివిధ దళాల వైస్ చీఫ్‌లు వచ్చి జవాబు చెప్పాలి.

ఇది ఉత్తి తతంగం కాదని చెప్పడానికి 2018 మార్చి రిపోర్టు చాలు. అప్పుడు కమిటీకి ఛైర్మన్ మేజర్ జనరల్‌గా రిటైరైన బి.సి. ఖండూరి, ఆయన అధికార పార్టీ ఎంపీ. సైన్యం వైస్ చీఫ్ వచ్చి, మా సామగ్రిలో 68 శాతం పాతకాలపుది, 24 శాతం ఇప్పటిది, 8 శాతమే అత్యాధునికమైనది అని చెప్పారు. మూడో వంతు చొప్పున ఉంటే ఆరోగ్యకరమని కూడా చెప్పారు. ఆ మాటలు రిపోర్టులో అచ్చయ్యాయి కాబట్టే మనందరికీ తెలిశాయి. ఏ టీవీ డిబేట్‌లోనూ ఈ లెక్క వచ్చేది కాదు.

కమిటీ చేయకూడనిది కూడా ఒకటుంది. రోజువారీ పరిపాలనలో వేలు పెట్టకూడదు. ఫలానా టెండర్ ఫలానా కంపెనీకి ఎందుకు ఇచ్చారని ఒక్కో ఫైలు తెరిచి చూడటం దాని పని కాదు.

హైదరాబాద్‌లో ఉన్నవన్నీ ఈ కమిటీ కిందకే వస్తాయా?

రావు, ఇక్కడే చాలామంది పొరబడతారు. డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్‌ఎల్, డీఎంఆర్‌ఎల్, డీఎల్‌ఆర్‌ఎల్ ఇవన్నీ డీఆర్‌డీవో ల్యాబులు, రక్షణ కమిటీ కిందకు వస్తాయి. క్షిపణులు తయారుచేసే, 1970లో పెట్టిన బీడీఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే, 1973లో పెట్టిన మిధాని రక్షణ శాఖ కిందే ఉన్నా కంపెనీలు కాబట్టి ప్రభుత్వరంగ సంస్థల కమిటీ కూడా వాటిని పిలవగలదు. పైగా రెండూ 2018లో స్టాక్ మార్కెట్‌లో లిస్టయ్యాయి, అంటే ఆర్డర్ బుక్ ఎంతో, లాభం ఎంతో మూడు నెలలకోసారి బయటపెట్టాలి. మా లాంటి వెండర్లకి ఒక్కోసారి పార్లమెంటు రిపోర్టు కంటే ముందే ఆ కాగితాల్లో విషయం దొరుకుతుంది.

ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్, అణు ఇంధనం చేసే ఎన్‌ఎఫ్‌సీ అణుశక్తి విభాగానివి. బాలానగర్‌లో మా ఏరియాలోనే ఉన్న, ఉపగ్రహ చిత్రాల పని చూసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ అంతరిక్ష విభాగానిది. ఈ రెండు విభాగాలనూ చూసేది సైన్స్ అండ్ టెక్నాలజీ, పర్యావరణం, అడవుల స్టాండింగ్ కమిటీ. ఒకే మెషీన్ షాపు పొద్దున క్షిపణి ముక్క, సాయంత్రం రాకెట్ ముక్క చేయొచ్చు, కానీ ఢిల్లీలో వాటి లెక్కలు అడిగేవాళ్లు వేరు.

కాగ్ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే సంస్థ) అంటే ఆడిట్ కదా, క్షిపణి బాగుందో లేదో వాళ్లకేం తెలుస్తుంది?

ఈ మాట నేనూ ఒకప్పుడు అన్నాను. శత్రు విమానాలను కూల్చే ఆకాశ్ క్షిపణి మీద వాళ్ల రిపోర్టు చదివాక అనడం మానేశాను.

1983లో మొదలైన సమగ్ర క్షిపణి కార్యక్రమంలో పుట్టిన ఐదింట్లో ఆకాశ్ ఒకటి. పృథ్వి, అగ్ని, త్రిశూల్, నాగ్ మిగతావి. హైదరాబాద్ గుండె అందులో ఉంది, డిజైన్ ఇక్కడి ల్యాబుది, క్షిపణి తయారీ ఇక్కడి ఫ్యాక్టరీది, వందల మంది చిన్న వెండర్ల చెమట అందులో ఉంది. వాయుసేన ఈశాన్య ప్రాంతం కోసం ఆరు స్క్వాడ్రన్లు ఆర్డర్ చేసింది. 2017 జులైలో పార్లమెంటులో పెట్టిన కాగ్ రిపోర్టు ఏం చెప్పిందంటే, 2014 నవంబర్ దాకా అందిన 80 క్షిపణుల్లో 20 ప్రయోగించి చూస్తే 6 ఫెయిల్ అయ్యాయి, అంటే 30 శాతం. సర్వో కంట్రోల్ యూనిట్, కనెక్టర్ లాంటి కీలకమైన భాగాలు సరిగ్గా పనిచేయలేదని కారణాలు కూడా రాశారు. అన్నేళ్లు గడిచినా ఆ ఆరు స్క్వాడ్రన్లు పెట్టాల్సిన చోట్లలో ఒక్కచోట కూడా వ్యవస్థ నిలబెట్టలేదని, కట్టడాలు ఆలస్యమయ్యాయని కూడా రాశారు.

ఆ వార్త వచ్చిన రోజు మా ఏరియాలో అందరికీ టెన్షన్. మన క్షిపణిని బద్నాం చేస్తున్నారని కొందరికి కోపం వచ్చింది. నాకు మాత్రం "కనెక్టర్" అనే ఒక్క మాట దగ్గర చూపు ఆగిపోయింది. ఎందుకంటే కనెక్టర్ అంటే మా లాంటి వాళ్ల స్థాయి వస్తువు. అది పెద్ద సైంటిస్టు తప్పు కాదు, ఎక్కడో ఒక షాపులో, ఒక ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద, ఎవరో తొందరపడి పాస్ చేసిన తప్పు అయ్యుండొచ్చు. ఆ వారం మా షాపులో గేజ్‌లన్నీ మళ్లీ క్యాలిబ్రేషన్‌కి పంపాను.

అదే ఆకాశ్ 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో మన ఆకాశాన్ని కాపాడిన వ్యవస్థల్లో ఒకటి. ఆడిట్ వల్లే బాగుపడిందని నేను అనడం లేదు, ఇంజినీర్లు ఏళ్ల తరబడి చేసిన పని అది. కానీ లోపం రాసినంత మాత్రాన ప్రాజెక్టు చచ్చిపోదని మాత్రం కళ్ల ముందే కనబడింది.

తేజస్ యుద్ధ విమానం మీద 2015లో వచ్చిన రిపోర్టు కూడా అలాంటిదే. 1983లో మంజూరైన విమానం, మొదటి రకంలో 53 చోట్ల వాయుసేన అడిగిన స్థాయికి తక్కువ ఉందని ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పారు.

కాగ్ రిపోర్టు పార్లమెంటుకి వచ్చాక పబ్లిక్ అకౌంట్స్ కమిటీ దాన్ని పట్టుకుంటుంది. 22 మంది, 1967 నుంచి ఛైర్మన్ ప్రతిపక్షం నుంచే ఉండటం ఆనవాయితీ.

లోపాలు ఇలా అచ్చేస్తే శత్రువుకి చెప్పినట్టు కాదా?

న్యాయమైన ప్రశ్న, ఒక్క మాటలో తేలదు. 2015లో, 2017లో సైన్యం దగ్గర మందుగుండు ఎన్ని రోజులకు సరిపోతుందో కాగ్ రాసింది, కొన్ని రకాలు పది రోజులకు కూడా లేవని తేలింది. అది చదివి నాకూ భయమేసింది, ఇది బయటకు రావాలా అనిపించింది. తర్వాత కాగ్ రక్షణ రిపోర్టులు కొన్నింటిని పార్లమెంటులో పెడుతూనే వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపింది. 2019 ఫిబ్రవరిలో రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు మీద రిపోర్టు వచ్చినప్పుడు ధరలు కనబడకుండా చెరిపేసి ఇచ్చారు, మొత్తం మీద పాత ఆఫర్ కంటే 2.86 శాతం తక్కువ అనే శాతం మాత్రం మిగిలింది.

చట్టం కూడా ప్రభుత్వానికి చాలా రక్షణ ఇచ్చింది. లోక్‌సభ 270వ నిబంధన ప్రకారం కమిటీ ఏ పత్రమైనా అడగొచ్చు, కానీ దేశ భద్రతకు నష్టం అనుకుంటే ప్రభుత్వం ఇవ్వనని చెప్పొచ్చు. సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ)లో డీఆర్‌డీవోకి 24వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతావి చెప్పనక్కర్లేదు. వీటన్నిటి పైన 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఎలాగూ ఉంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. క్షిపణి ఎంత దూరం నుంచి ఏ ఫ్రీక్వెన్సీలో పసిగడుతుందనేది రహస్యం, అది ఎప్పటికీ రహస్యంగానే ఉండాలి. నాలుగేళ్లు ఎందుకు ఆలస్యమైంది, ఖర్చు రెట్టింపు ఎందుకైంది, టెస్ట్ పాస్ కాని సరుకు ఎవరు తీసుకున్నారు, ఇవి రహస్యాలు కావు. వీటిని కూడా అదే దుప్పటి కింద కప్పితే నష్టపోయేది సరిహద్దులో ఆ ఆయుధాన్ని నమ్ముకుని నిలబడ్డ జవాను.

అగ్ని, అణ్వాయుధాల సంగతి?

అక్కడ పార్లమెంటు చూపు చాలా తక్కువ. అణ్వాయుధాల మీద నిర్ణయాధికారం ఉన్నది 2003 జనవరిలో ఏర్పాటైన న్యూక్లియర్ కమాండ్ అథారిటీకి, దాని రాజకీయ మండలికి ప్రధానే అధ్యక్షుడు. దాన్ని పర్యవేక్షించడానికి ప్రత్యేకంగా పార్లమెంటు కమిటీ ఏదీ లేదు. అగ్ని తయారీలో ముఖ్యమైన ఏఎస్‌ఎల్ మన నగరంలోనే ఉంది, బడ్జెట్‌లో దాని ఖర్చు మొత్తం డీఆర్‌డీవో పద్దులో కలిసిపోతుంది. ప్రమాణం చేయించి, ఫోన్లు బయట పెట్టించి, ఇద్దరు ముగ్గురు సీనియర్ ఎంపీలకైనా లోపలి లెక్క చూపించే పద్ధతి ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

కమిటీ చెప్పింది ప్రభుత్వం వినాల్సిందేనా?

అక్కర్లేదు. కమిటీది సిఫారసు మాత్రమే. అయితే మూడు నెలల్లో జవాబు ఇవ్వాలి, దాని మీద కమిటీ మళ్లీ యాక్షన్ టేకెన్ రిపోర్ట్ రాస్తుంది. అందులో ఏవి ఒప్పుకున్నారు, ఏవి తోసేశారు, ఏ జవాబు కమిటీకి నచ్చలేదు అని విడివిడి అధ్యాయాలు ఉంటాయి. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో చదవాల్సిన కాగితం అదే. మొదటి రిపోర్టు పేపర్లలో వస్తుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఒక ఉదాహరణ నా కడుపు మంటకు సంబంధించింది. క్యాపిటల్ డబ్బు మార్చి 31 లోపు ఖర్చు కాకపోతే మురిగిపోతుంది. అందుకే ఫిబ్రవరి, మార్చిలో ఒకటే హడావిడి, ఏప్రిల్ నుంచి నిశ్శబ్దం. ఒక ఏడాది మాకు పైనున్న పెద్ద వెండర్ ఒకరు మార్చిలో రాత్రింబవళ్లు పని చేయించుకుని, ఇన్‌స్పెక్షన్ కూడా అయ్యాక, "పైనుంచి ఫండ్స్ రాలేదు, కొత్త బడ్జెట్‌లో చూద్దాం" అన్నారు. ఆ డబ్బు వచ్చేసరికి దసరా. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి పనివాళ్లకు జీతాలు ఇచ్చాం. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం ఉంది, ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, కానీ ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డర్ వస్తుందా అనే భయం ప్రతి చిన్న షాపులో ఉంటుంది.

దీనికి మందు స్టాండింగ్ కమిటీ ఎప్పటినుంచో చెప్తూనే ఉంది: మురిగిపోని ఆధునికీకరణ నిధి పెట్టండి అని. 2004 మధ్యంతర బడ్జెట్‌లోనే 25,000 కోట్లతో ప్రకటించారు, అమలు కాలేదు. కమిటీ మళ్లీ మళ్లీ రాసింది. 15వ ఆర్థిక సంఘం కూడా సిఫారసు చేసింది, 2021లో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఇన్నేళ్లుగా ఇన్ని రిపోర్టుల్లో ఒకటే మాట రాయాల్సి రావడం చూస్తే సిఫారసుకి ఉన్న బలమెంతో అర్థమవుతుంది.

నగర శివారు ఆదిభట్లలో ఉన్నవి ప్రైవేటు, విదేశీ భాగస్వాముల ప్లాంట్లు. వాటి మీద పార్లమెంటుకి ఏం పని?

నేరుగా లేదు. సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ బాడీలు అక్కడ తయారవుతాయి, రఫేల్ బాడీలు కూడా హైదరాబాద్‌లో చేయడానికి 2025 జూన్‌లో ఒప్పందమైంది. ఇవి ఇక్కడిదాకా రావడంలో ఆఫ్‌సెట్ విధానానికి భాగం ఉంది: మనం విదేశీ కంపెనీ దగ్గర పెద్ద కొనుగోలు చేస్తే, అందులో కొంత విలువకు వాళ్లు ఇక్కడ పని ఇవ్వాలి. ఆ మాట నిలబెట్టుకున్నారా అని అడిగింది మళ్లీ కాగే. 2020 సెప్టెంబర్ రిపోర్టు ప్రకారం 2005 నుంచి 2018 మార్చి దాకా 46 ఆఫ్‌సెట్ కాంట్రాక్టులు, విలువ 66,427 కోట్లు. 2018 డిసెంబర్ నాటికి 19,223 కోట్ల పని జరగాలి, కంపెనీలు చేశామన్నది 11,396 కోట్లు, అందులో కూడా శాఖ ఒప్పుకున్నది సగం లోపే. మన పిల్లలకు రావాల్సిన పని, మన షాపులకు రావాల్సిన టెక్నాలజీ ఎక్కడ ఆగిపోయిందో ఆ అంకెల్లో ఉంది.

అంతరిక్ష స్టార్టప్‌ల విషయంలో ఇంకో లోటు ఉంది. హైదరాబాద్ కుర్రాళ్ల కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేసింది, 2023లో అంతరిక్ష విధానం వచ్చింది, కానీ 2017లో ముసాయిదాగా వచ్చిన అంతరిక్ష కార్యకలాపాల బిల్లు అప్పట్లో చట్టం కాలేకపోయింది. విధానం ప్రభుత్వం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చట్టం మార్చాలంటే సభ ముందు కారణం చెప్పాలి. పెట్టుబడి పెట్టేవాడికి ఆ తేడా చాలా పెద్దది.

అమెరికాలో అయితే బాగా చూస్తారంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. అక్కడ రెండు సభల్లోనూ సాయుధ దళాల కమిటీలు ఏటా రక్షణ చట్టాన్ని లైన్ లైన్‌గా రాస్తాయి, ఏ ప్రాజెక్టుకి ఎంతో వాళ్లే మార్చగలరు. నన్-మెక్‌కర్డీ అనే నిబంధన ఉంది. ఖర్చు అప్పటి అంచనా కంటే 25 శాతం దాటిపోతే ఆ ప్రాజెక్టు రద్దయినట్టే లెక్క, లేదా ఇది తప్పనిసరి, వేరే దారి లేదు అని రక్షణ మంత్రి కాంగ్రెస్‌కి, అంటే వాళ్ల పార్లమెంటుకి రాసివ్వాలి. సెంటినెల్ అనే కొత్త ఖండాంతర క్షిపణి ఖర్చు 81 శాతం పెరిగి సుమారు 141 బిలియన్ డాలర్లకు చేరితే 2024 జులైలో అలాగే రాసిచ్చారు. ప్రాజెక్టు ఆగలేదు, అది నిజం. కానీ ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది అనేది వాళ్ల అణు క్షిపణి విషయంలోనే బహిరంగంగా చెప్పారు, దానివల్ల అమెరికా భద్రత కూలిపోలేదు. మన దగ్గర ఇలాంటి గీత ఒకటి చట్టంలో గీయాలి.

తెలంగాణ అసెంబ్లీకి ఏమీ అడిగే వీలు లేదా?

రక్షణ కేంద్ర జాబితాలోది, కాబట్టి క్షిపణుల గురించి అడిగే వీలు లేదు. భూమి, నీళ్లు, కరెంటు, పరిశ్రమలకు ఇచ్చే రాయితీల గురించి తప్పకుండా అడగొచ్చు. వికారాబాద్ దగ్గర దామగుండం చూడండి. సుమారు 2,900 ఎకరాల అడవిలో నౌకాదళం రేడియో స్టేషన్, 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి శంకుస్థాపన చేశారు. జలాంతర్గాములతో మాట్లాడే స్టేషన్, దేశానికి అవసరమే. కానీ మూసీ పుట్టే వైపు అడవి అది. ఎన్ని చెట్లు పోతాయి, బదులుగా ఎక్కడ పెంచుతారు, గుడికి దారి ఉంటుందా అని పూడూరు మండలం ఊళ్ల వాళ్లు అడిగితే దేశద్రోహం కాదు, దానికి జవాబు చెప్పే వేదిక అసెంబ్లీయే.

జేపీసీ (రెండు సభల ఎంపీలతో వేసే సంయుక్త కమిటీ) వేస్తే నిజం బయటకొస్తుందా?

బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు మీద 1987లో వేశారు, ప్రతిపక్షాలు బహిష్కరించాయి, ఏమీ తేలలేదు. 1989లో కాగ్ రిపోర్టు వచ్చాకే గట్టిగా కదిలింది. నా నమ్మకం ఎప్పుడూ ఏటా నడిచే కమిటీల మీదే.

సరే, నేను ఏం చేయొచ్చు?

మీ ఎంపీకి ఉత్తరం రాయండి, కానీ "రక్షణ రంగం బాగుచేయండి" అని కాదు. ఒక్క ప్రశ్న రాసివ్వండి, నేరుగా నోటీసు ఇవ్వగలిగేలా. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్ర ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి), 230 రాతపూర్వక జవాబు ప్రశ్నలు తీసుకుంటారు, 15 రోజుల ముందు నోటీసు కావాలి. రహస్య విషయం అడిగితే తిరస్కరిస్తారు కాబట్టి డబ్బు, గడువు, చెల్లింపులు అడగండి. ఉదాహరణకి: "గత మూడేళ్లలో రక్షణ ప్రభుత్వరంగ సంస్థలు చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటి చెల్లించిన బిల్లులు ఎన్ని, సంస్థల వారీగా?" ఇందులో దేశ రహస్యం ఒక్క ముక్క లేదు. మంత్రి జవాబు ఇచ్చాక అది పార్లమెంటు రికార్డు, ఎవరూ కాదనలేరు.

స్టాండింగ్ కమిటీ రిపోర్టులు లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొత్తం చదవక్కర్లేదు, చివర్లో లావు అక్షరాల్లో ఉండే సిఫారసులు చదివి, తర్వాత ఏడాది యాక్షన్ టేకెన్ రిపోర్ట్‌లో అదే నంబర్ వెతకండి. బిల్లు ఏదైనా కమిటీకి వెళ్లినప్పుడు ప్రజల అభిప్రాయాలు కోరుతూ పేపర్లో ప్రకటన ఇస్తారు, అప్పుడు ఎవరైనా రాయొచ్చు, మీరు పంపింది కమిటీ రికార్డుగా గోప్యంగా ఉంటుంది. ఉద్యోగులైతే, వెండర్లైతే ఒక జాగ్రత్త: డ్రాయింగ్, పార్ట్ నంబర్, ప్రాజెక్టు పేరు ఏదీ రాయకండి, అది మీ మెడకే చుట్టుకుంటుంది. బిల్లు తేదీ, చెల్లింపు తేదీ రాస్తే చాలు.